శోభనాద్రిగారింటి పంది

శోభనాద్రిగారి ఇంటి నుంచి కబురు వస్తే నేను వెళ్ళనన్నాను. పోయిన వేసవిలో గుడివాడ కాలవగట్టు మీద మా పందుల దొడ్డి పీకించింది ఆయన అర్జీయే. వాసనట, రోగాలట, వీధి పరువట. పాతిక సంతకాల్లో మొదటిది ఆయనదే. ఓ పొద్దున మున్సిపాలిటీ వ్యాను వచ్చి నా ఇరవై రెండు పందుల్నీ ఎక్కించుకుపోయింది. ఒక్కదాన్ని కూడా మళ్ళీ చూడలేదు. మా ఆయన హనోకు ఇప్పుడు రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడు. అలాంటి ఇంటికి నేనెందుకు వెళ్ళాలి?

"పందికి బాగోలేదంట," అన్నాడు హనోకు.

"ఎవరి పందికి?"

"వాళ్ళదే. కూతురు కొనుక్కుందంట. హాల్లో పెంచుతున్నారు."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే వెళ్ళాను.

ఏసీ హాల్లో సోఫా పక్కన గులాబీ రంగు గౌను వేసుకుని ఉంది ఆ పంది. పేరు లడ్డు అట. నల్లటి ఒళ్ళు, ముడతలు పడ్డ మొహం, నిక్కిన బుల్లి చెవులు, వంగిన నడుము, చుట్ట తిరగని తోక. పొట్ట నేలకు జారి ఉంది. ఆ పొట్ట చూసి దాని కడుపు నిండిందనుకున్నారు కాబోలు. పొట్ట జారడం ఆ జాతి తీరు. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలాయి.

"గోడలు నాకేస్తోంది, చూడు," అంది మాణిక్యమ్మగారు, శోభనాద్రిగారి భార్య. నిజమే, గోడకు జానెడు ఎత్తు వరకు సున్నం లేదు. "నిన్న మా అమ్మాయి వేలు కొరికింది. ఈ చెడ్డ అలవాట్లు ఎలా మానిపించాలో నువ్వే చెప్పాలి."

"ఏం పెడుతున్నారండీ?"

కూతురు అలేఖ్య ఒక చిన్న గ్లాసు తెచ్చి చూపించింది. పొద్దున అందులో సగం ఓట్స్, సాయంత్రం సగం.

"అమ్మినాయన అంతే పెట్టమన్నాడు ఆంటీ. ఎక్కువ పెడితే పెరిగిపోద్దంట. ఇది మినీ పంది. దీని వయసు ఏడాది, ఇంక పెరగదన్నాడు. వాళ్ళమ్మ ఫొటో కూడా పంపాడు, అది కూడా ఇంతే ఉంది."

ఫొటో చూశాను. చిన్న పంది, పాలు తాగుతున్న నాలుగు పిల్లలు. అరటితొక్క ఆశ చూపించి లడ్డు నోరు తెరిపించాను. ఇంకా పాలపళ్ళే ఉన్నాయి, ఏడాది కూడా నిండలేదు.

"ఆ తల్లి కూడా పిల్లేనమ్మా," అన్నాను. "పంది ఎనిమిదో నెలకే ఈనేస్తుంది. ఎదగడం ఆగేది మాత్రం నాలుగో ఏటికి. చిన్నపిల్లని తల్లిగా చూపించి, ఇంతే ఉంటాయని మీకు అంటగట్టాడు. మీది జాతి వల్ల ఆగిపోలేదు. తిండి లేక ఆగిపోయింది."

శోభనాద్రిగారు అప్పుడు నోరు విప్పారు. "అయితే ఎంత పెరుగుద్ది?"

"కడుపునిండా పెడితే మీ అంత బరువండి."

అలేఖ్య ఫోన్‌లో వెతికి పైకి చదవడం మొదలుపెట్టింది. చదివేకొద్దీ గొంతు తగ్గిపోయింది. ఈ జాతి వియత్నాంలో వరి పండే పల్లాల్లో పుట్టిందట. అక్కడి పేద రైతులు తవుడు, నీళ్ళలో మొలిచే ఆకులు పెట్టి పెంచుతారట. చెమట పట్టి చల్లబడే ఒళ్ళు కాదు కాబట్టి బురదలో పొర్లాలట. మూతితో మట్టి తవ్వనివ్వకపోతే దానికి పిచ్చెత్తినట్టు ఉంటుందట.

తవుడు, గుర్రపుడెక్క, బురద. నా దొడ్డిలో ఉన్నవి ఆ మూడే. వాటినే అర్జీలో మురికి అని రాశారు. అక్కడెక్కడో నాలాంటి ఆడదే పెంచుకునే జంతువును తెచ్చి గౌను తొడిగారు, నన్ను గట్టు మీద నుంచి తోలేశారు.

"సరే జ్ఞానమ్మా, దీన్ని నువ్వే తీసుకుపో," అన్నారు శోభనాద్రిగారు. "నీకు అలవాటే కదా."

"ఎక్కడ కట్టమంటారండీ?"

ఆయన లేచి వీధి తలుపు వేశారు.

"చెప్పండి, నా మంచం కిందా? దొడ్డి లేకుండా చేసింది మీరే కదా! నా ఇరవై రెండింటికి లేని చోటు దీనికి ఎక్కణ్ణుంచి తేను?"

"అరవకు, వీధిలో వింటారు," అంది మాణిక్యమ్మగారు.

"విననివ్వండమ్మా. ఆ వీధే కదా సంతకాలు పెట్టింది."

లడ్డు నా చీర కుచ్చిళ్ళు నమలడం మొదలుపెట్టింది. దాని తప్పేముంది? ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి గంజి, మిగిలిన అన్నం, సొరకాయ తొక్కలు బేసిన్‌లో కలిపి తెచ్చి పాలరాతి నేల మీద పెట్టాను. అది మూతి ముంచేసింది. ఆ తోక ఆగకుండా ఊగుతూనే ఉంది. బేసిన్ తిరగబడి గంజి సోఫా కిందికి పారింది. అలేఖ్య ఏడుస్తూ కూర్చుని దాని గౌను విప్పేసింది.

"రేపట్నుంచి తవుడు, ఆకుకూరలు పెట్టండి," అన్నాను. "పెరట్లో గుంట తవ్వించి నీళ్ళు పోయించండి. అది పెరుగుద్ది, వాసనొస్తుంది. అప్పుడు వీధి వాళ్ళు మీ మీద కూడా అర్జీ పెడతారు. ఆ రోజు నాకు కబురు పంపండి."

"నువ్వొచ్చి ఏం చేస్తావు?" అన్నారు శోభనాద్రిగారు.

అలేఖ్య అప్పటికే పెరట్లో గునపం వెతుకుతోంది.

"దీన్ని తీసుకుపోవద్దని కాగితం రాయించి, మొదటి సంతకం నేను పెడతానండి," అన్నాను. "నా వాటికి ఒక్కరూ పెట్టలేదు."