కొలతలో లేనివాళ్లు

ఎసట్లో జొన్నరవ్వ పోసి తెడ్డుతో కెలుకుతుంటే ఆవిరి మొహానికి కొట్టింది. మల్లమ్మ ఎడమ దవడ భగ్గుమంది. సంకటి నోటిదాకా రాకముందే, ఒట్టి ఆవిరికే అంత మంట.

మొగుడు బ్రహ్మయ్యకు సోలెడు, కొడుకు పుల్లారావుకు సోలెడు. ఆ ఇంట్లో రవ్వ కొలత అంతే. ఆ కొలత నేర్పింది అత్త కోటమ్మ. ఆమెకు వాళ్లత్త నేర్పి ఉంటుంది. మగవాళ్లు తిని లేచాక కుండలో మిగిలిందీ, అడుగంటిందీ ఆడవాళ్లది. గొడ్డుకారం అద్దుకుని, మజ్జిగ నీళ్లతో దిగమింగాలి. ఏమీ మిగలని పూటకు పొగాకు కాడ ఉండనే ఉంది.

కాపరానికి వచ్చిన కొత్తల్లో ఒకనాడు మల్లమ్మ ఖాళీ కుండలోకి తొంగి చూస్తూ అత్తకు దొరికిపోయింది. తిడుతుందేమోనని బిక్కచచ్చిపోయింది. కోటమ్మ తిట్టలేదు. బొడ్లోంచి కాడ తీసి, చిన్న ముక్క తుంచి చేతిలో పెట్టింది. "దవడన పెట్టుకోవే. ఆకలి దానంతటదే చచ్చిపోద్ది. నేను బతకట్లా?" అంది. ఆ ఇంట్లో మల్లమ్మకు దక్కిన మొదటి ప్రేమ అదే. అత్త చచ్చిన ఆరునెలలకు కోడలు ఏడ్చిందని లోకం ఎగతాళి చేస్తుంది గానీ, కోటమ్మ పోయిననాడు మల్లమ్మ నిజంగానే గుండెలు బాదుకుని ఏడ్చింది. దవడన కాడ ఉంటే ఆకలీ అరవదు, మనిషీ అరవదు. మాటకు మాట చెప్పాలంటే ముందు ఉమ్మేసి రావాలి, ఉమ్మేసి వచ్చేసరికి ఎదుటివాడు వెళ్లిపోయి ఉంటాడు. అందుకే బ్రహ్మయ్య నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు: "మా ఇంటిది నోట్లో నాలుక లేని మనిషి." కిందటేడు పుల్లారావు పెళ్లాం రాములమ్మ కాపరానికొచ్చింది. ఆ పిల్ల కూడా ఒకరోజు కుండలోకి తొంగి చూసింది. మల్లమ్మ బొడ్లోంచి కాడ తీసి, చిన్న ముక్క తుంచి, కోడలి చేతిలో పెట్టింది.

దవడ లోపల పుండు పడి, మానక, చివరికి నోరు తెరవడమే కష్టమయ్యాక బ్రహ్మయ్య బండి కట్టాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది అది. నరసరావుపేటలో డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, తిండి సంగతి అడిగింది.

"మా ఇంట్లో తిండికి కొదవేం లేదండీ," అన్నాడు బ్రహ్మయ్య, చెవిసందున చుట్ట సర్దుకుంటూ. "ఆడదానికి పొగాకేందే అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

"నేను అడిగింది ఆమెను. ఏ పూట ఏం తింటావమ్మా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తనను అడిగినవాళ్లు లేరు. "మిగిల్తే తింటానమ్మా," అంది మల్లమ్మ.

డాక్టరమ్మ లైటు ఆర్పి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. "ఇది రాచపుండు, అంటే క్యాన్సరు. నువ్వు కాడ పెట్టుకునే చోటే లేచింది. ఇట్లాంటి దవడలు చాలా చూశాను. కడుపుకు లేక, ఆకలికి పొగాకు నమిలి, ఉత్త కారంతో బతికే ఒళ్లు దేన్ని తట్టుకుంటుంది? మద్రాసు తీసుకెళ్తే రేడియం పెడతారు. వెంటనే వెళ్లాలి."

"మిరపకోతలు కానీండి, తీసుకపోతా," అన్నాడు బ్రహ్మయ్య.

"అప్పటికి తీసుకెళ్లక్కర్లేదు," అందామె. మళ్లీ మల్లమ్మ వైపు తిరిగింది. "ఇంట్లో ఇంకెవరైనా నములుతారా?"

"మా కోడలు."

"పుండు లేవకముందే, ఇప్పుడే మాన్పించు. నీ సంగతి నీ చేతుల్లో లేదు. ఆ పిల్ల సంగతి ఉంది. మానాలంటే ముందు దాని కడుపు నిండాలి."

తిరుగు బండిలో బ్రహ్మయ్య నవ్వాడు. "రాచపుండంట. రాజులకొచ్చే రోగం నీకెట్టా వచ్చిందే?" అతను నిజానికి భయపడుతున్నాడని మల్లమ్మకు తెలుసు. భయమేసినప్పుడు కూడా మగవాడికి పెళ్లాం మీద వేళాకోళమే వస్తుందని తెలిసి ఒళ్లు మండింది. దవడన కాడ లేదు. అయినా మాట రాలేదు. ఇన్నేళ్ల అలవాటు.

ఇంటికి రాగానే కాడలున్న తాటాకు బుట్టను పొయ్యిలో పెట్టింది. ఘాటుకు కోడలు దగ్గుతూ వచ్చి నిలబడింది.

"ఇయ్యాల్టి నుంచి నమలమాక, రాములూ. నాకొచ్చింది చూశావుగా."

"సరే అత్తా," అంది ఆ పిల్ల. చూపు మాత్రం కాలుతున్న బుట్ట మీదే ఉంది.

ఆ సాయంత్రం మగవాళ్లు తిని లేచాక కుండలో గరిటెడు అడుగంటు మిగిలింది. రాములమ్మ దాన్ని మజ్జిగలో పిసికి, జావ చేసి అత్త చేతికిచ్చింది.

"మరి నువ్వు?"

"నాకాకలిగా లేదత్తా."

కోడలి ఎడమ దవడ ఉబ్బి ఉంది. మల్లమ్మ జావగిన్నె కింద పెట్టి ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. "ఏడిదే ఇది? అంతా తగలబెట్టా గదా."

"మావ గడప మీద పెట్టి పోయాడత్తా. పాపం, పిల్లకి ఆకలైతదేమోనని."

పాపం! నిజమే, బ్రహ్మయ్య చెడ్డవాడు కాడు. కోటమ్మా చెడ్డది కాదు. తనూ కాదు. ఆ పిల్ల చేతిలో ఇన్నాళ్లూ అందరూ పెట్టింది జాలే, కంచం కాదు. మల్లమ్మ వేలు పెట్టి కోడలి దవడలోంచి కాడ లాగి పారేసి, జావ తాగించింది. ఆ పూట తను పస్తే పడుకుంది.

తెల్లవారి రవ్వకుండ ముందు కూర్చుంది. మొగుడికి సోలెడు, కొడుక్కి సోలెడు. చేయి అలవాటుగా ఆగింది. కాసేపటికి సోల మళ్లీ ముంచింది. ఇంకోసారి ముంచింది. పళ్లు తోముకుంటున్న బ్రహ్మయ్య అది చూశాడు.

"ఏందే అంత పోస్తుండావు? చుట్టాలొస్తున్నారా ఏంది?"

మల్లమ్మకు నోరు సగమే తెరుచుకుంది. అయినా అంది.

"ఎవరూ రావట్లా. మేమిద్దరం ఎప్పట్నుంచో ఈ ఇంట్లోనే ఉన్నాం."

బ్రహ్మయ్య నోరు పుక్కిలించి ఊసి, పెరట్లోకి పోయాడు. ఆ పొద్దు రాములమ్మ తలుపు చాటున కూర్చుని, ముద్దముద్దకీ వాకిలి వైపు చూసుకుంటూ తన వంతు తిన్నది. మల్లమ్మ తన వంతులోంచి చిన్న ముద్ద నోట్లో పెట్టుకుంది, మింగుడు పడలేదు. మిగిలింది ఎవరి కంటా పడకుండా గేదె కుడితిలో కలిపి, మర్నాడూ నాలుగు సోలలే కొలిచింది.