గెలుపు గీత దగ్గర నీలి తెర

సహదేవన్‌కి గెలుపు గీత కనపడలేదు. చుక్కాని పట్టేవాడు పాము పడవకి వెనక కొసన నిలబడాలి, ముక్కు ఎక్కడో వంద అడుగుల ముందు ఉంటుంది. పక్క దారిలో పళ్ళిక్కర ఊరివాళ్ళ పడవ జానెడు అటో ఇటో ఉంది. గెలిచామని అతని ఒళ్ళంతా చెప్పింది. ఒళ్ళు చెప్పిందని ఎవరూ కప్పు చేతికివ్వరు.

అతని ఊరు తెక్కేమూల. పడవ పందెంలో రెండో స్థానానికి పట్టా పుచ్చుకున్నారని కేరళలోని ఆ కుట్టనాడులో ప్రతి టీ కొట్టూ వాళ్ళని ఎగతాళి చేస్తుంది. ఈసారి తెడ్డు వేసేవాళ్ళంతా కల్లు మానేసి, పెళ్ళాల ముఖం చూడకుండా, బడి వరండాలో పడుకుని సాధన చేశారు. ఊరు ఊరంతా వంతులు వేసుకుని కర్రపెండలం, చేపల కూర వండి పెట్టింది. సహదేవన్ భుజం పోయింది. ఇక చుక్కాని పట్టకూడదని వైద్యుడు తేల్చేశాడు. అతనికి ఇదే ఆఖరి పందెం, అందుకే ఆ గెలుపు కావాలి.

వెనకటికి గీత దగ్గర జెండాలు పాతేవారు. ముక్కున కూర్చున్నవాడు ముందు పీకిందే గెలుపు. ఏటా తగవులేనని జెండాలు తీసేసి, కెమెరా పెట్టి, కంప్యూటరు తెచ్చారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి కదా మరి!

పడవ తిప్పుకుని సహదేవన్ ఒడ్డున ఉన్న పెద్ద తెర వైపు చూశాడు. తెర నీలంగా ఉంది. 'మీ కంప్యూటరు కొత్తగా తయారవుతోంది. దయచేసి ఆపకండి. ముప్ఫై శాతం.'

అతను నీళ్ళలోకి దూకి, మొల లోతున నడిచి, కమిటీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంట్రా టిబినూ ఇది?"

కంప్యూటరు చూసే టిబిన్‌కి ఊళ్ళో ఫోటో స్టూడియో ఉంది. సహదేవన్‌ని అన్నా అన్నట్టు చేట్టా అంటాడు. "చేట్టా, కొత్తగా తయారవుతానని వారం నుంచి అడుగుతోంది. 'తర్వాత', 'తర్వాత' అని నొక్కుతూనే వచ్చాను. ఇవాళ 'తర్వాత' అన్న మాటే తీసేసింది. దానంతట అదే మొదలెట్టేసింది."

"పందెం నడుస్తుంటేనా? ఎవడిని అడిగి?"

"దానికి పందెమని ఏం తెలుసు చేట్టా? ఇన్నేళ్ళూ నేను దానికి నెట్టు తగలనివ్వలేదు. ఈసారి ప్రసన్నన్ సారే..."

కమిటీ కార్యదర్శి ప్రసన్నన్ కండువా సర్దుకున్నాడు. "దుబాయ్‌లో మనవాళ్ళు నెట్టులో పందెం చూడొద్దా? చందాలు పంపేది వాళ్ళేగా!"

"వాళ్ళకి చూపించడానికి మా కళ్ళు పీకావా?" సహదేవన్ బల్ల మీద గుద్దాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేనయ్యా!"

"అరవకు సహదేవా. బొమ్మా బొరుసా వేసి తేల్చేద్దాం."

"సిగ్గులేదూ! ఇంతమంది రెక్కలు ముక్కలు చేసుకున్నది బిళ్ల ఎగరేయడానికా? ఆ బిళ్లనే తెడ్డు వేయమను!"

పళ్ళిక్కర పడవకి చుక్కాని పట్టే వర్కిచ్చన్ కూడా తడిబట్టలతోనే వచ్చి నిలబడ్డాడు. ఇద్దరికీ ముప్ఫై ఏళ్ళుగా పడదు. "బిళ్ల ఇచ్చిన కప్పు తీసుకెళితే మా ఊళ్ళో ఆడవాళ్ళు దాంతో కోళ్ళకి నీళ్ళు పెడతారు. ఒరేయ్ సహదేవా, మళ్ళీ వేద్దాం పద. జెండాలతో."

రెండు పోకకర్రలకి రెండు ఎర్ర తువ్వాళ్ళు కట్టి గీత దగ్గర పాతారు. చేతులు పడిపోయినవాళ్ళు మళ్ళీ తెడ్లు ఎత్తారు. సగం దూరానికే పడవ పాట ఆగిపోయి మూలుగులు మొదలయ్యాయి. సహదేవన్ భుజంలో ఏదో కలుక్కుమంది, అయినా చుక్కాని వదల్లేదు. పళ్ళిక్కర వాడు తువ్వాలు పీకాడు. ఆ తర్వాతే తెక్కేమూల వాడి చెయ్యి అందింది. రెండు ఒడ్లూ కళ్ళారా చూశాయి. ఎవరూ తగవు పెట్టుకోలేదు.

గెలిచిన వర్కిచ్చన్ కేకలేయకుండా వచ్చి సహదేవన్ పక్కన గట్టు మీద కూర్చున్నాడు. "మొదటిది నీదే అయ్యుండొచ్చురా."

"అయ్యుండొచ్చు! ఆ మాటే నన్ను కాల్చుకు తింటోంది. ఇప్పుడు ఓడాం, చూశాను, ఏడ్చి ఊరుకుంటాను. మొదటిది ఏంటి? గెలిచానని ఎగరనా, ఓడానని ఏడవనా? దాన్ని ఏం చేసుకోవాలిరా నేను?"

అంతలో టిబిన్ కంప్యూటరు చేతుల మీద పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "చేట్టా, వచ్చేసింది! చూడండి!"

సహదేవన్ కూడబలుక్కుని పైకి చదివాడు. 'అంతా సిద్ధం. మీవన్నీ మీరు ఉంచిన చోటే ఉన్నాయి.'

"ఓహో! నా పందెం ఆ గీత మీద ఉంచానమ్మా. ఏదీ, తియ్యి."

టిబిన్ గబగబా వెతికి బొమ్మ తెరిచాడు. రెండు పడవలూ కనిపించాయి, గీతకి పది బారల ఇవతల. తెడ్లన్నీ ఒక్కసారే పైకి లేచి ఉన్నాయి. వెనక కొసన సహదేవన్ చుక్కాని మీద వంగి ఉన్నాడు. బొమ్మ అక్కడే ఆగిపోయింది.

"ముందుకి పోనియ్యి."

"ఇంతే ఉంది చేట్టా. సరిగ్గా ఇక్కడే అది కొత్తవడం మొదలెట్టింది."

సహదేవన్ తెర మీద ఆ లేచిన తెడ్ల కేసే చూశాడు. ఎడమ చెయ్యి ఎత్తబోతే భుజం లేవలేదు. కుడి చేత్తో టిబిన్ చొక్కా కాలరు పట్టుకున్నాడు.

"చేతులు పడిపోతున్నాయిరా మావాళ్ళకి. వాళ్ళని గీత దాటించు."