మూత సంగతి ముందే చెప్పాలి

మా కాలేజీలో కథలు రాయడం నేర్పుతారు. నవ్వకండి. మీ అందరి వాటా కూడా కలిపి మా నాన్న ఎప్పుడో నవ్వేశాడు.

ఆఖరి ఏడాదిలో ప్రతి ఒక్కరూ కొన్నాళ్లు ఎక్కడైనా పనిచేసి, "పరవాలేదు, ఈ మనిషికి పని వచ్చు" అనిపించుకుని రావాలని మాకో రూలుంది. నా పక్క బెంచీ అమ్మాయికి రేడియో స్టేషన్ దొరికింది. వెనక బెంచీ కవికి ప్రకటనలు తయారుచేసే ఆఫీసు దొరికింది. ఆ మర్నాటి నుంచే అతను క్లాసులో కూడా నల్లకళ్లద్దాలు తియ్యడం మానేశాడు. నాకు మాత్రం మిక్సీలు, జ్యూసర్లు, ఇస్త్రీ పెట్టెలు తయారుచేసే కంపెనీ తగిలింది. కొత్త మిక్సీ డబ్బా విప్పగానే పైన ఓ చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, థర్మోకోల్‌తో పాటు మీరంతా అవతల పారేసేది? ఆ పుస్తకం రాయడం నా పని.

"ఎక్కడ రాసినా రాతేనమ్మా," అన్నారు మా కథల మాస్టారు. మాట ధైర్యంగానే ఉంది, ముఖం మాత్రం పరామర్శకొచ్చిన మనిషిది.

మాస్టారు అలా అని ఊరుకున్నా మా నాన్న ఊరుకోలేదు. ఆయనకి డ్రైవింగ్ స్కూలుంది. స్కూలంటే ఓ గది, ఓ కారు, ఆ కారులో పక్క సీటు కింద ఇంకో బ్రేకు. పొద్దస్తమానం ఆ పక్క సీట్లో కూర్చుని "క్లచ్చి నొక్కు... నెమ్మది... అద్దం చూడు... బ్రేకు!" అని అరుస్తూ ఉంటాడు. ఇంటికొచ్చినా ఆ గొంతు దిగదు. అమ్మ గ్లాసులో పాలు పోస్తున్నా "స్లో, స్లో" అంటాడు. అందరికీ ఎలా చెయ్యాలో చెప్పే ఈ మనిషి, తనకెవరైనా చెబితే మాత్రం చెవిన పెట్టడు. మా ఇంట్లో కొత్త వస్తువేదైనా వస్తే ముందు మీట నొక్కుతాడు. ఆ తర్వాత ఏమవుతుందో అందరం కలిసి చూస్తాం.

ఆయన నాకు పెట్టిన షరతు సూటిగా ఉంది. కంపెనీవాళ్లు నన్ను ఉద్యోగంలో ఉంచుకుంటే సరి. లేదా, నోరు మూసుకుని వచ్చి డ్రైవింగ్ స్కూలు టేబులు దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తాలి. ఆ టేబులు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పైన ఎప్పుడూ పాత సీటు కవర్లు, గేర్లబొమ్మ, టీ మరకలు. ఎదురుగా తలుపు తెరిస్తే హారన్లు. అక్కడ కూర్చున్న మనిషి ఇంక జన్మలో కథ రాయలేదు.

కంపెనీలో మా రాత విభాగానికి పెద్ద ఒకావిడ. చాటున అందరూ ఆవిణ్ణి స్టెప్పుల మేడమ్ అంటారు. ఆవిడ ఏం మాట్లాడినా స్టెప్పులే. మొదటి రోజు నేను గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టగానే, "స్టెప్పు ఒకటి, లోపలికి రా. స్టెప్పు రెండు, కుర్చీ లాక్కో. స్టెప్పు మూడు, కథలు మర్చిపో," అంది.

ఆవిడ దగ్గర ఓ పద్ధతుంది. ఏ పుస్తకమైనా అచ్చుకి వెళ్లే ముందు ఎవరో ఒక దారినపోయే మనిషిని పిలిచి, వస్తువునీ పుస్తకాన్నీ ముందు పెట్టి, "చదివి వాడండి" అంటుంది. దానికోసమే వెనకవైపు ఓ గది ఉంది. గోడలకి తెల్ల పలకలు, ఓ బల్ల, ఓ కుర్చీ, నీళ్ల కుళాయి. రాసినవాళ్లు మూల నిలబడి చూడాలి. నోరు విప్పకూడదు. "విప్పం మేడమ్" అని ఒట్టేసినవాళ్లంతా విప్పేస్తున్నారట. అందుకని ఆవిడ ఓ కిటుకు కనిపెట్టింది. పరీక్ష మొదలవక ముందే రాసినవాళ్లు నోటి నిండా నీళ్లు పోసుకోవాలి. అయ్యేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు.

నాకు జ్యూసర్ పుస్తకం ఇచ్చారు. ప్రాణం పెట్టి రాశాను. "మీ ఎదుట ఓ యంత్రం ఉంది. అది మౌనంగా ఉంది. కానీ ఎంతసేపు?" అని మొదలెట్టాను. పళ్లముక్కలు ఒక్కొక్కటిగా లోపలి చీకట్లోకి జారిపోయాయి. వేలు మీట మీద తడబడింది. అసలు సంగతి ఎప్పుడూ చివరికి దాచాలని మాస్టారు చెప్పి చెప్పి మా బుర్రలకెక్కించారు. నేనూ దాచాను. ఆఖరి పేజీ తిప్పితే ఒకే ఒక్క వాక్యం. "అయితే, ఇదంతా జరగక ముందే మూత బిగించి ఉండాలి."

రాసుకుని నేనే మురిసిపోయాను.

పరీక్షకి కింద బట్టల కొట్టులో పనిచేసే ఆవిడ వచ్చింది. మంచి పాఠకురాలు. వరసగా చదువుతూ, చెప్పింది చెప్పినట్టు చేస్తూ వెళ్లింది. యంత్రం మౌనంగా ఉందన్నచోట ఆగి దాని వంక జాలిగా చూసింది కూడా. వేలు మీట మీదకి వెళ్లింది. అప్పుడు, అప్పుడు మాత్రమే, మూత ఇంకా బల్ల మీదే ఉందని నాకు కనిపించింది. "మ్మ్! మ్మ్మ్!" అన్నాను నీళ్ల బుగ్గలతో. ఆవిడ నొక్కేసింది.

పండురసం చిమ్మి సీలింగు ఎర్రబడింది. స్టెప్పుల మేడమ్ కళ్లజోడు ఎర్రబడింది. ఆ పాఠకురాలు ముఖం తుడుచుకుని, పేజీ తిప్పి, ఆఖరి వాక్యం చదివి, "ఓహో" అంది. తర్వాత నావైపు తిరిగి, "మలుపు బాగుందమ్మా, మరి నా బట్టల సంగతేంటి?" అంది.

ఆవిణ్ణి సముదాయించి పంపాక మేడమ్ నన్ను కూర్చోబెట్టింది. "నీ కథలో ఎవడి వేలు తెగినా చదివేవాడి వేలు చేతికే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ఇంకోటి విను. చదివినవాడు 'ఎంత బాగా రాశారో' అన్నాడంటే మనం ఓడిపోయినట్టు. రాసినవాళ్లంటూ ఒకరున్నారని వాడికి గుర్తే రాకూడదు."

నాకు ఒళ్లు మండింది. రాసింది ఎవరని నలుగురూ అడగాలనేకదా ఇంత చదువు చదివింది!

"స్టెప్పు ఒకటి, గోడలు తుడువు. స్టెప్పు రెండు, మళ్లీ రాయి. శుక్రవారం ఇంకో పరీక్ష. అది నిలబడితే ఉద్యోగం ఇస్తాను. లేకపోతే స్టెప్పు మూడు లేదు," అని లేచింది ఆవిడ.

సాయంత్రం ఇంటికెళితే నాన్న నా జుట్టులో పండుపీచు చూసి పగలబడి నవ్వాడు. జరిగింది విన్నాక నవ్వు ఆపేశాడు. అది చూసే నాకు భయం వేసింది.

"చాల్లేమ్మా," అన్నాడు. "శుక్రవారం అటువైపే పనుంది. నేనే వచ్చి మీ మేడమ్‌తో చెప్పేస్తా, మా అమ్మాయి ఇంక రాదని. సోమవారం నుంచి స్కూలుకి వచ్చి కూర్చో."

"శుక్రవారం ఇంకో పరీక్ష ఉంది నాన్నా!"

"ఇంకో సీలింగు కూడా పాడు చెయ్యాలా? రాసే మొహం అయితే ఈపాటికి తెలిసేది కదే."

"నీకెలా తెలుస్తుంది? నేను రాసింది ఒక్కటైనా చదివావా నువ్వు?"

"నాకు తీరికెక్కడిది?" అని టీవీ పెట్టుకున్నాడు.

ఆ కోపం మర్నాడు ఆఫీసుకెళ్లినా చల్లారలేదు. ఆ కోపంతోనే రాశాను. వర్ణనలు పీకేశాను. మౌనం పీకేశాను. నా ఎదురుగా, పుస్తకం అవతల పారేసి మీట మీదకి చెయ్యి చాపే మొండిమనిషి ఒకడున్నాడనుకున్నాను. అనుకోవడానికి పెద్దగా కష్టపడలేదు. వాడి చేతిని పట్టుకుని ఆపినట్టు ఒక్కో మాట రాశాను. ఇంకా అనుమానం తీరక, ఓ చిన్న కాగితం కత్తిరించి, నాలుగు మాటలు రాసి, సరిగ్గా మీట మీద అంటించాను.

శుక్రవారం రావాల్సిన పాఠకుడు పక్క వీధి కొరియర్ గుమాస్తా. సీలింగు కబురు అతని చెవిన పడ్డట్టుంది, ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశాడు. నేను అప్పటికే నోటి నిండా నీళ్లు పోసుకుని మూల నిలబడి ఉన్నాను. "ఉండు, బయట ఎవరైనా ఉన్నారేమో చూస్తా," అని మేడమ్ వెళ్లింది. తలుపవతల ఆవిడ గొంతు వినిపించింది.

"మీరెప్పుడైనా జ్యూసర్ వాడారా?"

"లేదండీ. నేనొచ్చింది వేరే..."

"వాడలేదు కదా? చాలు, లోపలికి రండి."

తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కాతో, చేతిలో కారు తాళాలతో మా నాన్న.

నన్ను చూసి ఆగిపోయాడు. "ఇదేంటే, బుగ్గ అలా వాచింది? పన్ను నొప్పా?"

నేను కళ్లతో చెప్పగలిగినంత చెప్పాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

"ఆ అమ్మాయి మీకు తెలుసా?" అంది మేడమ్.

"తెలియడమేంటండీ, మా అమ్మాయే."

మేడమ్ ముఖం మాడిపోయింది. "అయ్యో, అయితే కుదరదండీ. ఈ పరీక్షకి పరాయి పాఠకుడు కావాలి. తను రాసినవి మీరు ఇంట్లో చదువుతూనే ఉంటారు కదా."

"నేనా? భలేవారే!" అన్నాడు నాన్న. "అది రాసింది నేనింతవరకూ ఒక్క ముక్క చదివితే ఒట్టు!" గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

మేడమ్ ఆయన్ని పైనుంచి కిందికి ఓసారి చూసింది. "అయితే మీకంటే పరాయి పాఠకుడు నాకెక్కడ దొరుకుతాడండీ? కూర్చోండి."

నా నోట్లో నీళ్లు లేకపోతే ఆ క్షణాన ఏం వాగి ఉండేదాన్నో తెలియదు. ఆయన ముఖంలో మాత్రం గొప్ప కాస్త తగ్గింది. మెల్లిగా కుర్చీలో కూర్చున్నాడు. తాళాలు బల్ల మీద పెట్టాడు.

పుస్తకం ముందుంటే పక్కకి తోసేశాడు. జ్యూసర్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోసిపెట్టిన పళ్లముక్కలు గుప్పెడు తీసి లోపల పడేశాడు. ఇరవయ్యేళ్లుగా చూస్తున్న ఆ చెయ్యి, తిన్నగా మీట మీదకి వెళ్లింది. వెళ్లి కాగితం దగ్గర ఆగింది.

"ఆగండి. మూత బిగించారా?" అని పైకి చదివాడు. బల్ల మీద చూశాడు. మూత అక్కడే ఉంది. "లేదే," అన్నాడు దొరికిపోయిన దొంగలా. కాగితం మీద ఇంకో మాట ఉంది. "ఎలాగో మొదటి పేజీలో చూడండి." పుస్తకం దగ్గరకి లాక్కున్నాడు.

మా నాన్న చదవడం మొదలుపెట్టాడు. పైకి, పాఠం చెప్పే గొంతుతో.

"మూత పెట్టి కుడివైపు తిప్పండి. టక్కుమని వినిపించిందా? వినిపించకపోతే బిగుసుకోలేదు, మళ్లీ తిప్పండి." తిప్పాడు. టక్కుమంది. "గింజలన్నీ తీశారా? అబద్ధం చెప్పకండి, ఇంకోసారి చూడండి." నాన్న ఇబ్బందిగా మేడమ్ వంక చూసి, మూత తీసి, రెండు వేళ్లతో ఓ గింజ పైకి లాగాడు. మళ్లీ మూత, మళ్లీ టక్కు. "ఇప్పుడు నొక్కండి. గట్టిగా శబ్దం వస్తుంది. కంగారు పడకండి, దాని తీరే అంత. చెయ్యి మాత్రం మీట మీదే ఉంచండి."

శబ్దం వచ్చింది. ఆయన కంగారు పడలేదు. కింద గ్లాసులోకి రసం పద్ధతిగా దిగింది. ఎవరి బట్టల మీదా ఒక్క చుక్క పడలేదు.

గ్లాసు ఆయనకే ఇచ్చి మేడమ్ అడిగింది. "రాత ఎలా ఉందండీ?"

"రాతా?" నాన్న ఓ గుక్క తాగాడు. "ఇందులో రాయడానికేముందండీ? ఎలా చెప్పాలో అలా చెప్పారు, అంతే. దీనికి మళ్లీ కాలేజీ ఎందుకు?"

అంత మాట నన్ను ఎవరూ అనలేదు. ఏడవాలో ఎగరాలో తెలియక గుటుక్కున నీళ్లు మింగేశాను. మేడమ్ నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

"విన్నావా అమ్మాయ్? సోమవారం నుంచి ఉద్యోగంలో చేరు."

నాన్న గ్లాసు గాలిలో ఆగింది. "ఉద్యోగమా? బాగుందని నేననలేదు కదండీ?"

"అనలేదు. ఇందులో ఏముంది అన్నారు. మా దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదండీ."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. పుస్తకం మళ్లీ తీశాడు. ఈసారి పైకి చదవలేదు. గింజల పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. పెదాలు కదులుతున్నాయి. రోజూ కారులో తను అనే మాటల్లాంటివే అక్కడ అచ్చులో కనిపిస్తున్నట్టున్నాయి. రాసేటప్పుడు నాకూ ఆ సంగతి తట్టలేదు. నాకు మాత్రం ఒకటే భయం. ఇప్పుడేమంటాడో, వచ్చిన పని ఎక్కడ మొదలుపెడతాడోనని.

మేడమ్‌కి అప్పుడే గుర్తొచ్చింది. "అన్నట్టు, మీరేదో పనిమీద వచ్చారు కదా? బయట ఏదో చెప్పబోయారు."

నాన్న నా వంక చూశాడు. ఆమె వంక చూశాడు. పుస్తకం మూసి, రెండు చేతులతో సర్దిపెట్టాడు.

"పనేం లేదండీ," అన్నాడు. "మా అమ్మాయి రాసింది చదువుదామని వచ్చాను."

మా నాన్న అల్లిన మొదటి కథ అది. అతుకులన్నీ బయటికే కనిపిస్తున్నాయి. కాసేపటి క్రితం అదే గదిలో, అదే నోటితో వేసిన ఒట్టు ఏమైందని ఎవరైనా అడగొచ్చు. మేడమ్ అడగలేదు. నేను అసలే అడగలేదు. మా మాస్టారు చూస్తే ఆ కథని ఎన్ని చోట్ల దిద్దుతారో నాకు తెలుసు. నేను మాత్రం అందులో ఒక్క ముక్క కూడా మార్చనివ్వను.