ఎక్స్‌టర్నల్ గారి క్యారేజీ

చేప పొలుసు ఎంత జాగ్రత్తగా గీసినా ఒకటో రెండో గోటి సందులో ఉండిపోతాయి. నిమ్మచెక్కతో రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని కాలేజీకి వెళ్లి మైక్రోస్కోపు మీద చెయ్యి వేస్తే, ఆ పొలుసు అక్కడ తళతళలాడుతూ ఉంటుంది. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్ని. ఏటా ప్రాక్టికల్ పరీక్షలు మొదలయ్యాయంటే మా ఇంటికి కోనాం చేప వచ్చినట్టే. ఆ పరీక్షలు జరిపించి మార్కులు వెయ్యడానికి వేరే కాలేజీ నుంచి ఒక లెక్చరర్ వస్తారు. ఆయన్ని అందరూ ఎక్స్‌టర్నల్ గారు అంటారు. ఆయనకి మధ్యాహ్నం భోజనం కాలేజీయే పెట్టాలి. కాలేజీ అంటే బోటనీ డిపార్ట్‌మెంటు. డిపార్ట్‌మెంటు అంటే, భోజనం మాటొచ్చేసరికి, నేను.

ఇది ఎలా మొదలైందంటే, నేను చేరిన కొత్తలో ఒక ఎక్స్‌టర్నల్‌కి హోటల్ కూర పడలేదు. మా ప్రిన్సిపాల్ గణపతిరావు గారు నా టిఫిన్ బాక్సు తెప్పించి ఆయన ముందు పెట్టారు. అందులో ముందురోజు చేపల పులుసుంది. ఆయన వేళ్లు నాక్కున్నాడు. నేను ఆ పూట క్యాంటీన్లో సమోసా తిన్నాను. మరుసటేడు ప్రాక్టికల్స్‌కి ముందు ప్రిన్సిపాల్ గారు నా దగ్గరికొచ్చి, "పులుసు సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా మేడం" అన్నారు. నేను ఒప్పుకున్నట్టు గుర్తు లేదు, కాదన్నట్టూ గుర్తు లేదు. మా బావ మురళీమోహన్‌కి మాత్రం ఇది మహా గొప్పగా ఉండేది. బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు, గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. మా కాలేజీకి బోటనీలో మంచి మార్కులొచ్చాయని రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టినప్పుడు, దాన్ని స్నేహితులకి చూపించి, "అదంతా మా శైలజ పులుసు మహిమరా. ఆ సార్లు సెయ్యి కడుక్కోకుండానే మార్కులేసేస్తారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడానికి నేనేమీ చెయ్యక్కర్లేదు, మొహం దానంతటదే చేసేస్తుంది.

ఏడాదంతా నేను చెప్పిన పాఠాలు ఆ మాటలో ఎక్కడా లేవు. కణకవచం, కేంద్రకం, పిండిపదార్థాలు, ప్రోటీన్లు, వేరు పీల్చిన నీరు చిటారు ఆకు దాకా ఎలా ఎక్కుతుంది, ఇవన్నీ నా గొంతు పోయేలా చెప్పినవే. పరీక్షలకి ముందురోజు ద్రావణాలు కలిపేదీ, బంగాళాదుంపలు చెక్కి లోపల గుంట చేసేదీ, కాశీతుమ్మ మొక్కలు వేళ్లతో సహా తెచ్చి ఎర్రరంగు నీళ్లలో నిలబెట్టేదీ నేనే. నాకంటే వెనక చేరిన రమేష్‌బాబు మా డిపార్ట్‌మెంటు హెడ్డు. "మగాడైతే అర్ధరాత్రి పిలిచినా వస్తాడు మేడం, మీకు సంసారం" అని ప్రిన్సిపాల్ గారు నా మేలు కోరే చెప్పారు. ఇంట్లో మా అత్త జగ్గమ్మకి కూడా నా మీద ప్రేమ లేకపోలేదు, సొంత మేనకోడల్ని. నేను కాళ్లు నొప్పులంటే, "నీకేటే, నీడపట్టున నిలబడి సెప్పే ఉద్దోగం. మేం కలుపు తీసొచ్చి వండేవోళ్లం" అనేది. అదీ నిజమే. అందరి మాటలూ నిజమే కాబట్టి ఎవరితోనూ దెబ్బలాడడానికి నాకు చోటు దొరకలేదు.

మొన్న వేళ్లూ కాండమూ చెబుతున్నాను. నీటిని మోసే దారునాళాలు మృతకణాలు అని బోర్డు మీద రాశాను. ఒకమ్మాయి లేచి, "సచ్చిపోయినవి నీళ్లెలా మోస్తాయి మేడం?" అని అడిగింది. "చచ్చిపోయాయి కాబట్టే మోస్తాయి. లోపల జీవపదార్థం ఉన్నంతవరకూ దారికి అడ్డం. అది పోయి, గోడలు మాత్రం మిగిలాక గొట్టంలా పనికొస్తాయి. చెట్టు నిలబడేది కూడా వాటి మీదే" అని చెప్పాను. ఏళ్ల తరబడి ఇదే వాక్యం చెబుతున్నాను. ఆ రోజు చెప్పాక చేతిలో సుద్దముక్క ఎందుకుందో కాసేపు అర్థం కాలేదు. క్లాసంతా తలొంచుకుని నా మాట రాసుకుంటోంది. నాకు ఏడుపు రావాల్సిన చోటని తెలుసు. రాలేదు. గంట కొట్టారు, సుద్ద దులుపుకుని ఇంకో సెక్షన్‌కి వెళ్లాను.

ఆ వారంలోనే నాకు ఆర్డరొచ్చింది. బొబ్బిలిలో ఒక కాలేజీకి నన్ను ఎక్స్‌టర్నల్‌గా వేశారు. అట్టు తిరగేస్తూ ఫోన్లో చదివాను. నా పేరే. మళ్లీ చదివాను. సంతోషం కలిగిందని చెప్పలేను కానీ అట్టు మాడింది. తేదీలు చూస్తే మా కాలేజీ పరీక్షలూ అవే రోజులు. బావకి చెప్పాను.

"ఏటి, బొబ్బిలా? రోజూ అంత దూరమెళ్లి వస్తావా? నువ్వెళ్తే ఇక్కడ సార్‌కి వంటెవులు సేస్తారు?"

"ఎవరో ఒకరు చేస్తార్లే బావా."

"ఎవులో ఒకరు సెయ్యడానికి అదేటి ఉప్మాయా? పిరిన్సిపాల్ గారి పరువు. నువ్వు ఊరుకో, నేను మాటాడతాను."

మాట్లాడేశాడు. మర్నాడు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి చాలా మృదువుగా, "మీ వారు ఫోన్ చేశారు మేడం. మీకు ఒంట్లో బాగోలేదట కదా, చెప్పనే లేదు. డ్యూటీ వద్దని ఆన్‌లైన్లో పెట్టేద్దాం. సాయంత్రం మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది చెప్పండి చాలు" అన్నారు. నాకేం జబ్బో అడగాలనిపించింది. వాళ్లిద్దరూ కలిసి ఏదో ఒకటి అనుకునే ఉంటారు. "సరే సార్" అన్నాను. బయటికొచ్చి లాబ్‌లో కూర్చుని, నిజంగానే ఎక్కడైనా బాగోలేదేమోనని వెతుక్కున్నాను. నడుం, మెడ, గుండె. ఎక్కడా ఏమీ లేదు. నొప్పి కూడా లేదు. అందుకే కొంచెం భయమేసింది.

సాయంత్రం గిన్నెలు తోముతుంటే ఓటీపీ వచ్చింది. వెనకే ప్రిన్సిపాల్ గారి ఫోను. "వచ్చిందా మేడం?"

"రాలేదు సార్," అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. మళ్లీ పంపించారు, మళ్లీ వచ్చింది, మళ్లీ రాలేదన్నాను. "సర్వర్ సరిగా లేదేమో, రేపు పొద్దున్న మీరు రాగానే చూద్దాం" అని ఆయన పెట్టేశారు. నేను గిన్నెలు తోమడం పూర్తి చేశాను. నా బతుకులో ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం అది. గొంతు ఏమాత్రం తడబడలేదు.

మర్నాడే పరీక్షలు మొదలు. పొద్దున్నే అత్త చేపల సంచీ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. "మంచి ముక్కలే దొరికాయి, సూడు. సింతపండు నానబెట్టీసేను." చేప వండడం నాకు నిద్రలో కూడా వచ్చు. పులుసు మరిగాక ముక్కలు వేస్తే క్షణంలో తెల్లబడిపోతాయి. ప్రోటీన్ ఒకసారి వేడికి స్వభావం మారిపోయిందంటే చల్లార్చినా వెనక్కి రాదని ఏటా చెబుతాను. ఆ ముక్కల వైపు చూస్తూ నా గురించి కూడా అంతేనేమో అనుకున్నాను, పెద్ద బాధేమీ లేకుండానే. అన్నం, పప్పు, పులుసు, పెరుగు, నాలుగు గిన్నెలూ క్యారేజీలో ఎక్కించాను. బావ షూ వేసుకుంటూ, "తిన్నగా కాలేజీకెళ్లు. పిరిన్సిపాల్ గారు ఎదురు సూస్తుంటారు" అన్నాడు. ఊఁ అన్నాను.

ఆటో ఎక్కాను. డ్రైవర్ ఎక్కడికమ్మా అంటే కాలేజీ పేరే చెబుదామని నోరు తెరిచాను. "ఆర్టీసీ కాంప్లెక్స్‌కి" అని వచ్చింది. లాబ్‌లో అన్నీ ముందురోజే సర్ది పెట్టాను, పిల్లలకి లోటేమీ ఉండదు, రమేష్‌బాబు ఉన్నాడు. ఇదంతా ఆటోలో కూర్చుని లెక్క చూసుకుంటున్నానంటే నాకు ముందే తెలుసన్నమాట. బొబ్బిలి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. గజపతినగరం దాటాక గానీ ఒళ్లో క్యారేజీ ఉందని చూసుకోలేదు. చీర మీద చిన్న పులుసు మరక పడింది. భయమేసింది, అది మాత్రం బాగానే తెలిసింది. దిగి వెనక్కి వెళ్లే బస్సు ఎక్కొచ్చు. రామభద్రపురంలో బస్సు ఆగినప్పుడు లేచి నిలబడ్డాను కూడా. పక్కావిడ కాళ్లు ముడుచుకుని దారిచ్చింది. నేను మళ్లీ కూర్చున్నాను.

బొబ్బిలి కాలేజీ గేటు దగ్గర ఆయా ఎదురొచ్చింది. చేతిలో క్యారేజీ చూసి, "అది స్టాఫ్ రూంలో ఎట్టీయమ్మా, ఎక్స్‌టర్నల్ సార్ ఇంకా రానేదు" అంది. నేను వెళ్లి స్టాఫ్ రూంలో బల్ల మీద క్యారేజీ పెట్టి, పక్కన నిలబడ్డాను. ఎక్స్‌టర్నల్ సార్ కోసం. నవ్వకండి, నిజంగానే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అక్కడి ప్రిన్సిపాల్ కంగారుగా వచ్చి, "ఎవరమ్మా మీరు? బోటనీ ఎక్స్‌టర్నల్ రాలేదు, పిల్లలు లైన్లో ఉన్నారు" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆర్డరు చూపించాను. ఆయన ఆర్డరునీ, క్యారేజీనీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. "రండి మేడం, రండి" అని తనే దారి చూపించాడు.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి లాబ్‌లో కూర్చున్నాను. నా కోసం కుర్చీ వేశారు, మీద తువ్వాలు పరిచారు. ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి ప్రశ్నలడిగాను. ఒకమ్మాయి ఊదా రంగు ఆకు పొరని ఉప్పునీళ్లలో పెట్టి స్లైడు చేసింది. మైక్రోస్కోపులో చూశాను. శుభ్రంగా చేసింది. ప్రతి గదిలోనూ రంగు జీవపదార్థం గోడల్ని వదిలేసి మధ్యకి ముడుచుకుపోయి ఉంది.

"ఈ కణాలు చచ్చిపోయాయా?" అన్నాను.

"నేదు మేడం. మంచినీళ్లేస్తే మళ్లీ ఇప్పుకుంటాది. శానాసేపు అలగే ఉంచీస్తే మాత్రం రాదు."

"శానాసేపంటే ఎంతసేపు?"

ఆ పిల్ల ఆలోచించింది. "అది బుక్కులో నేదు మేడం."

పూర్తి మార్కులు వేశాను. తర్వాత బల్ల దగ్గరికి వెళ్లడానికి నాకు కొంచెం ఆలస్యమైంది. మళ్లీ మైక్రోస్కోపు మీదకి వంగి, ఆ పొర మీద నేనే ఒక నీటి చుక్క వేసి, చూస్తూ ఉన్నాను. కళ్లు తడయ్యాయి. కన్ను ఆనించే అద్దాన్ని చీర చెంగుతో తుడిచాను.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో భోజనం. అక్కడి బోటనీ మేడం దుర్గ, చిన్నపిల్ల, పెళ్లై ఏడాది కూడా అయినట్టు లేదు. తనూ ఇంటి నుంచి క్యారేజీ తెచ్చింది. ప్లేటు నా ముందు పెట్టి, గరిటె పట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడింది. చేతికి పసుపు, గోటి సందులో పొలుసు.

"నువ్వు తినవా?"

"మీరూ సార్లూ అయ్యాక తింటాను మేడం."

"గరిటె అక్కడ పెట్టు. కూర్చో."

ప్రిన్సిపాల్ వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. కూర్చుంది, కుర్చీ అంచున. నేను నా క్యారేజీ విప్పి ఇద్దరికీ వడ్డించాను. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, "వారమంతా మీరే వస్తారు కదా మేడం?" అన్నాడు. "వస్తాను" అన్నాను. చెప్పాక గానీ ఆ మాట బరువు తెలియలేదు. ఇంట్లో ఏమవుతుందో, కాలేజీలో నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే బల్ల మీద ఫోన్ వెలిగింది. మా ప్రిన్సిపాల్ గారివి, రమేష్‌బాబువి, బావవి, ఎన్నో మిస్డ్ కాల్స్. ఇప్పుడు మళ్లీ బావే. ఎడమచేత్తో తీశాను.

"ఏటే, ఎక్కడున్నావు? ఇక్కడ ఎక్స్‌టర్నల్ గారు ఆకలితో కూకున్నారట. పిరిన్సిపాల్ గారు నాకు ఫోన్ మీద ఫోను. నా పరువు తీసీసినావు. క్యారేజీ ఏదీ?"

"నా దగ్గరే ఉంది బావా. బొబ్బిలిలో."

ఫోన్లో వెనక ఫ్యాక్టరీ హోరు వినిపిస్తోంది.

"బొబ్బిలికి ఎవులికి పట్టుకెళ్లినావు?"

"ఎక్స్‌టర్నల్‌కి."

"ఏ ఎక్స్‌టర్నల్‌కే?"

దుర్గ తినడం ఆపి నా వైపు చూస్తోంది. నేను ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నెమ్మదిగా చెప్పాను.

"నాకు."