సగానికి పడిన చలాన్లు

బడి మలుపులో బండి తగిలి ఒక పాప చెయ్యి విరిగిన నాటి నుంచి ట్రాఫిక్ హెడ్ కానిస్టేబుల్‌కి మరో ధ్యాస లేదు. జరిమానాలు మళ్లీ రెట్టింపు చేస్తే తప్ప జనం దారికి రారని తేల్చుకుని, మధ్యాహ్నం పురపాలక సభలో చదవడానికి నాలుగు పేజీలు రాశాడు. ఇస్త్రీ చేస్తున్న భార్యకి వినిపిస్తే బాగుందంది. పొగడ్త ఒకటి దొరికితే మనిషికి రెండోది కావాలనిపిస్తుంది కదా! లెక్కల పంతులమ్మ అయిన మరదలిని కూర్చోబెట్టి మళ్లీ అందుకున్నాడు.

“కిందటేడు మొదట్లో జరిమానా రెట్టింపు చేశాం. చలాన్లు సగానికి పడిపోయాయి. అంటే తప్పులు సగమయ్యాయి. కనుక...”

“ఆగు బావా. మన ఊళ్లో చలాన్లు రాసేదెవరు?”

“ఇంకెవరు, నేనొక్కణ్నే!” ఛాతీ విరుచుకున్నాడు.

“కిందటేడు మోకాలి ఆపరేషనై ఆర్నెల్లు మంచం దిగనిదెవరు?”

భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది. అతనికి ఒళ్లు మండింది.

“సభలో ఎవరూ అడగరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“రాసేవాడు లేకపోతే తగ్గేది చలాన్లు, తప్పులు కాదు. ఎవరో ఒకరు అడుగుతారు, అందరూ నవ్వుతారు, ఆ మలుపు అలాగే ఉంటుంది.”

ఆ చివరి మాట సూటిగా తగిలింది. గొణుక్కుంటూనే స్టేషన్‌కి వెళ్లి ప్రమాదాల పుస్తకం తీశాడు. అది ఎవరున్నా లేకున్నా రాసేదే. అతను మంచంమీదున్న ఆర్నెల్లలో బడి మలుపులో ఏడు ప్రమాదాలు. రోజూ అక్కడ నిలబడ్డ ఆర్నెల్లలో ఒకటి. జరిమానా మాత్రం ఏడాదంతా ఒక్కటే. ఈ ఏడాది తనని మార్కెట్ వైపు మార్చారు. పాప పడింది ఆ తర్వాతే.

మరదలికి ఫోన్ చేసి చెప్పాడు.

“ఒక్క ఏడాది లెక్క బావా, రుజువైపోయిందనకు. ఉన్నదున్నట్టు చెప్పు.”

సభలో నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టి, ఉన్నదున్నట్టే చెప్పాడు.

“అయితే జరిమానా పెంచమంటారా, వద్దంటారా?” అని అడిగింది అధ్యక్షురాలు.

“పెంచితే తగ్గుతాయో లేదో నాకు తెలీదండీ. బడి వేళల్లో అక్కడొక మనిషి నిలబడాలి. అది ఇప్పించండి చాలు.”

సాయంత్రం మరదలే ఫోన్ చేసింది. “నవ్వారా బావా?”

“మంచం సంగతి చెప్పగానే విరగబడి నవ్వారు. ఏడు ప్రమాదాలన్నాక ఎవరూ నవ్వలేదు. సోమవారం నుంచి మలుపులో మనిషుంటాడమ్మా.”