గుడ్‌బై ఎవరికి?

మా యార్క్‌షైర్ ఊళ్ళో గుడ్‌బై అనేది శవపేటిక గోతిలోకి దిగాక అనే మాట. బతికున్నవాళ్ళకి "రేపు కలుద్దాం" అంటాం, కలవకపోయినా సరే.

లండన్ నుంచి కొత్తగా వచ్చిన కౌన్సిల్ ఆఫీసరు పెంబర్టన్‌కి ఇదేం తెలుసు? గురువారం మా లైబ్రరీని శాశ్వతంగా మూసేస్తూ తాళం వేసి, అక్కడ ఇరవై ఏళ్ళుగా స్వెట్టర్లు అల్లుకుంటున్న మా ఐదుగురు ఆడవాళ్ళకేసి తిరిగి, "గుడ్‌బై" అంటూ చెయ్యి ఊపాడు.

మా ఐదుగురిలో డోరీన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు చచ్చారని నాయనా?"

"మర్యాదకి అన్నానండీ."

"ఆ మర్యాద నా మొగుడి సమాధి దగ్గర నేనే చేసేశాను. నువ్వు మాకు చెయ్యక్కర్లేదు. రేపు పదింటికి కలుద్దాం."

"రేపు తలుపులు తియ్యమండీ!"

"తియ్యకు. మెట్లున్నాయిగా."

మర్నాడు వాన. గొడుగులు, మడత కుర్చీలు, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని మెట్లమీద కూర్చుని అల్లుతున్నాం. పెంబర్టన్ పరుగున వచ్చాడు.

"ఇప్పుడే లేవకపోతే పోలీసుల్ని పిలుస్తాను!"

డోరీన్ తలెత్తలేదు. సూదులు ఆగలేదు.

"పిలువు నాయనా. సాయంత్రం వాళ్ళకి కూడా రేపు కలుద్దామనే చెప్తాం."