నూనె తాగిన ఫిరోజా

నేను ఒక వెండి ఉంగరాన్ని. నా నెత్తిమీద ఫిరోజా రాయి ఒకటి ఉంది. ఒకప్పుడు అది వాన వెలిసిన మర్నాటి ఆకాశంలా ఉండేది. ఇప్పుడు ఏ రంగులో ఉందో, ఎందుకలా మారిందో చెప్పుకోవాలని కూర్చున్నాను. నాకు నోరు లేదు కాబట్టి మధ్యలో అడ్డొచ్చేవాళ్లూ లేరు. ఆ నోరేదో కావలసిన పదిహేను రోజులూ ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

నేను పుట్టింది హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు నాలుగడుగుల దూరంలోని ఒక ఇరుకు సందులో. నూటికి తొంభై రెండున్నర పాళ్లు వెండి, మిగతా ఏడున్నర పాళ్లు రాగి. రాగి అనగానే కల్తీ అని ముఖం చిట్లించకండి. ఉత్త వెండి మరీ మెత్తన, నాలుగు రోజులు వేలికి ఉంటే వంకర తిరిగిపోతుంది. రాయిని గట్టిగా పట్టుకోవాలంటే రాగి తోడుండాల్సిందే. నా లోపలి వైపు 925 అని చిన్న ముద్ర కొట్టారు. దాన్ని నా ఇంటిపేరు అనుకోండి.

నన్ను అమ్మకానికి పెట్టింది గౌస్ మియా. గడ్డానికి గోరింటాకు, కళ్లకు సుర్మా, నోటినిండా మాటలు. ఆయన కొట్లో నా పక్క పెట్టెలో నాకంటే నిగనిగలాడే నీలం రాళ్ల ఉంగరాలు ఉండేవి. తెల్లరాయికి రంగు పట్టించి, గిల్టు చట్రాల్లో కూర్చోబెట్టిన సరుకు అది. పైన పటారం, లోన లొటారం. గిరాకీ అంతా వాటికే. నా రాయిమీద సన్నటి నల్ల గీతలున్నాయని, మచ్చలేమోనని నన్ను ఎత్తి చూసి దించేసినవాళ్లు ఎంతమందో లెక్కే లేదు.

అలాంటి రోజుల్లో, ఒక వేసవి సెలవుల్లో, వైదేహి టీచర్ వచ్చింది. కరీంనగర్ వైపు ఒక మండల కేంద్రంలో హైస్కూలు టీచర్. పెళ్లి చేసుకోలేదు, అప్పుడప్పుడు తనకు తానే ఏదో ఒకటి కొనుక్కుని సంతోషపడే మనిషి. ఆమె కూడా ముందు ఆ నిగనిగల పెట్టె మీదికే చెయ్యి చాపింది. గౌస్ మియాకు ఎందుకో ఆమె మీద దయ కలిగింది.

"అది వద్దమ్మా. నీలం ఒక్క తీరుగ ఉంటే నమ్మొద్దు. అసలు ఫిరోజాకు నల్ల నరాలుంటయ్. ఇగో, దీన్ని చూడుండ్రి. లోపల నంబర్ ఉన్నదా? రాయిని నాలుగు దిక్కుల వెండి పట్టుకున్నదా, ఉత్త జిగురుతో అంటిచ్చిండ్రా? గివన్ని చూసి కొనాలె" అన్నాడు.

నన్ను ఆమె వేలికి తొడిగి రెండు మాటలు చెప్పాడు. ఆ రెండు మాటల చుట్టూనే నా బతుకంతా తిరిగింది కాబట్టి, దయచేసి గుర్తు పెట్టుకోండి.

మొదటిది: "పెట్టుకున్నోళ్ల ఆపద ఫిరోజా తన మీద ఏసుకుంటదమ్మా. రంగు మారిందంటే మీ ఆపద పోయినట్టే."

రెండోది: "సబ్బు, సెంటు, నూనె తగలనియ్యొద్దు. ఈ రాయికి కండ్లకు కనపడని రంధ్రాలుంటయ్. నూనె తాగుతది. తాగితే ఆకుపచ్చగైతది, మళ్ల నీలం కాదు. ముస్తాబంత అయినంక ఆఖరికి దీన్ని పెట్టుకోవాలె, ఇంటికొచ్చినంక మొదలు దీన్నే తియ్యాలె."

ఈ రెండు మాటలకూ ఒకదానితో ఒకటి పొసగదని ముసలాయనకు తెలియకపోలేదు. మొదటి మాట అమ్మడానికి. రెండోది అమ్మిన తర్వాత మాట పడకుండా ఉండడానికి.

వైదేహి టీచర్ దగ్గర మూడేళ్లున్నాను. రాజభోగం అంటే అదే. బడి నుంచి రాగానే తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, దూది పరిచిన డబ్బాలో పెట్టేది. తేమకు వెండి నల్లబడుతుందని డబ్బాలో ఒక సుద్దముక్క కూడా వేసింది. టీచరమ్మకు సుద్దముక్కలకు కరువా? రోజూ పెట్టుకోవడం వల్ల వెండి మెరుస్తూ ఉండేది, రోజూ తీయడం వల్ల రాయి నీలంగా ఉండేది. ఆమెలో నాకు నచ్చని గుణం ఒక్కటే. స్టాఫ్ రూములో ఎవరు నా వంక చూసినా గౌస్ మియా చెప్పిన మొదటి మాట కళ్లు పెద్దవి చేసి చెప్పేది. రెండో మాట ఎవరికీ చెప్పేది కాదు. అది ఆమె చేతికి తెలుసు, నోటికి రాదు. మనుషులకు కథలు గుర్తుంటాయి గాని జాగ్రత్తలు గుర్తుండవు.

బడి గేటు ముందు కనకవ్వ బండి ఉండేది. ఉడికించిన గుడ్లు, ఆమ్లెట్లు, మిరపకాయ బజ్జీలు. కనకవ్వ పెనం దగ్గర, ఆమె భర్త ఓదెలు ఉల్లిగడ్డలు కోస్తూ పక్కన. ఇద్దరే మనుషులు, పిల్లలు లేరు. పొద్దస్తమానం ఒకరినొకరు వెక్కిరించుకుంటూ బండి నడిపేవారు. ఓదెలుకు పదేళ్లుగా షుగరు. అరికాళ్లకు స్పర్శ పోయింది. చెప్పులో గాజుపెంకు దిగి రెండు రోజులైనా తెలియలేదట. తెలిసేసరికి బొటనవేలి కింద పుండు పడింది. మండల దవాఖాన డాక్టర్ చూసి, "జిల్లా దవాఖానకు తీసుకపో. వారం దాటనియ్యకు" అని చీటీ రాసిచ్చాడు.

దసరా సెలవులు ఇచ్చే రోజు. ఇంటర్వెల్‌లో కనకవ్వ గేటు దగ్గర టీచరమ్మను ఆపి ఏడ్చింది.

"ఆయన దవాఖాన అంటెనే వణుకుతుండు టీచరమ్మా. ఆళ్లన్న గట్లనే పోయి కాలు లేకుండ వచ్చిండు. ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

వైదేహి టీచర్‌ది మెత్తటి మనసు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను తన వేలి నుంచి తీసి కనకవ్వ వేలికి తొడిగింది. పెనం పట్టి పట్టి కణుపులు లావెక్కిన వేలు అది. తోస్తే గాని దిగలేదు.

"పెట్టుకో కనకవ్వా. ఈ రాయి ఆపదను తన మీద వేసుకుంటుంది. రంగు మారిందంటే మీ ఆయన బాధ పోయినట్టే. కానీ ఒక్క సంగతి గుర్తు పెట్టుకో…"

గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ లోపలికి పరుగెత్తారు. టీచరమ్మ వాళ్ల వెనకే నడుస్తూ, "తర్వాత చెప్తా" అంది. సాయంత్రం సెలవుల హడావుడిలో బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ ఒక్క సంగతేమిటో ఆ గేటు ముందు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

కనకవ్వ ఇంట్లో రోజుకు రెండుసార్లు ఓదెలు కాళ్లకు నువ్వుల నూనె మర్దన. పిక్కల్లో మంటలు మంటలని అతను మూలుగుతాడు, ఆమె గోరువెచ్చటి నూనె పోసి మోకాలి నుంచి మడమ దాకా రుద్దుతుంది. నేను కణుపు దాటి రాను కాబట్టి నాకూ ఆ స్నానం తప్పేది కాదు. తాగకూడదని నేనెంత అనుకుంటే ఏం? రాయికి రంధ్రాలు పెట్టినవాడు మూతలు పెట్టలేదు.

నాలుగో రోజుకు రాయి అంచున పచ్చదనం వచ్చింది. కనకవ్వ చూసింది. నూనె చేతులతోనే లేచి వాకిట్లో వెలుతురుకు పోయి మళ్లీ చూసింది.

"ఏమయ్యో, చూడు! రాయి రంగు తిరిగింది!"

"నీ కండ్లు తిరిగినయేమో చూస్కో" అన్నాడు ఓదెలు.

"నగకు. టీచరమ్మ ఉత్తగనే అంటదా, సదువుకున్న మనిషి? నీ రోగం గుంజుకుంటున్నదిది."

అతను నవ్వాడు. మర్నాడు నవ్వలేదు. ఆ మరుసటి రోజు తనే చెయ్యి చాపి, "ఏదీ, ఇయ్యాల ఎంత మారింది?" అని అడిగాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే అది గడ్డిపోచ అని చెప్పినా వినడు. నేనైతే చెప్పను కూడా చెప్పలేను. డాక్టర్ రాసిచ్చిన చీటీ దేవుడి పటం వెనక ఉంది. "పండుగ ఎల్లినంక పోదాం తియ్యి" అన్నాడతను. ఆమె సరేనంది. ఇద్దరికీ అదే కావాలి. వారం దాటింది.

పచ్చదనం పెరిగేకొద్దీ కనకవ్వ నూనె ఎక్కువ పోసింది. ఎంత రుద్దితే అంత గుంజుతుందని ఆమె లెక్క. ఆ చేతులు ఎంత ఆశగా తిరిగేవో ఆ కాలి మీద! నాకు ఏడుపొచ్చేది. ప్రేమతో చేసే పని ఒకటి కళ్లముందే మనిషిని చంపుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో నన్నడగండి.

సెలవులు కాబట్టి బండిని బస్టాండు దగ్గరికి మార్చి పగలు ఆమె ఒక్కతే నడిపేది. గుడ్లు ఉడకబెట్టి పొట్టు తీసీ తీసీ నా వెండి నల్లబడింది. గుడ్డు సొనకు వెండి నల్లబడడం ఏ కంసాలిని అడిగినా చెప్పే సంగతే. ఒక పూట గుడ్డతో తుడిస్తే పోతుంది. కానీ అదే రోజుల్లో ఓదెలు బొటనవేలు కూడా నల్లబడుతూ వచ్చింది. కనకవ్వ నా నలుపునూ వేలి నలుపునూ పక్కపక్కన పెట్టి చూసింది.

"చూసినవా? వేలి నలుపంత దీంట్లకు దిగుతున్నది" అంది. ఆ గొంతులో సంతోషం. అంత భయంకరమైన సంతోషం నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

పన్నెండో రోజు వాసన మొదలైంది. అగరొత్తులు ముట్టించింది. పధ్నాలుగో రోజు చలిజ్వరం వచ్చి అతను ఏవేవో పేర్లు కలవరించసాగాడు. అప్పుడు చీటీ తీసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పక్కింటివాళ్లు ఆటో మాట్లాడారు.

జిల్లా దవాఖానలో డాక్టర్ కాలు చూసి, తర్వాత కనకవ్వను చూసి, గొంతు తగ్గించి చెప్పాడు: "పది రోజుల కింద తెస్తే ఒక్క వేలు తీసేటోళ్లమమ్మా. ఇప్పుడు మోకాలి పైదాంక తియ్యాలె. అయినా చెప్పలేం, విషం రక్తంల కలిసింది."

థియేటర్లోకి తీసుకుపోయే ముందు ఓదెలుకు కాస్త తెలివి వచ్చింది. కనకవ్వ చేతిని పట్టుకుని నా మొహంలోకి చూశాడు. అప్పటికి నాలో నీలం చుక్క కూడా లేదు.

"పూరా పచ్చగైంది గదనే" అన్నాడు. "ఇగ తగ్గుతది."

"తగ్గుతది" అంది కనకవ్వ.

కాలు తీశారు. మూడు రోజులు బతికాడు. ఆఖరిదాకా ఆమె అతని చేతిని తన చేతిలోంచి వదల్లేదు, కాబట్టి అతని వేళ్లు చల్లబడడం మొదట తెలిసింది నాకే.

దినాలు అయిపోయిన తర్వాత, బడి తెరిచాక, వైదేహి టీచర్ పలకరించడానికి వచ్చింది. పండ్లు తెచ్చింది. కనకవ్వను పట్టుకుని మనస్ఫూర్తిగా ఏడ్చింది, అందులో అబద్ధం లేదు. కళ్లు తుడుచుకుంటుండగా ఆమె చూపు నా మీద పడింది.

"అయ్యో కనకవ్వా, ఉంగరం ఇట్లయిందేంది? నూనె తగలనిచ్చినవా?"

కనకవ్వ తలెత్తింది. "నూనెకా టీచరమ్మా?"

"ఆ, నూనె తాగితే ఈ రాయి పచ్చగైతది. నీకు చెప్పలేదూ ఆ రోజు?" అని ఒక్క క్షణం ఆలోచించి, "చెప్పిన అనుకున్న" అంది.

"నూనెకేనా?" కనకవ్వ మళ్లీ అడిగింది. "రోగం గుంజుకుంటే గాదా?"

టీచరమ్మ ఆ మాటకు తడబడింది. "అదేదో అమ్మేవాళ్లు చెప్పే ముచ్చట కనకవ్వా. మనసు నిమ్మళానికి చెప్పిన అంతే. నలుపు తుడిస్తే పోతది. ఇట్లా ఇయ్యి, మెరుగు పెట్టించి తెస్తా."

కనకవ్వ పిడికిలి మూసింది. టీచరమ్మ ఆ పిడికిలిని దుఃఖం అనుకుంది. కాసేపు కూర్చుని, చాయ్ తాగి, బడికి టైమవుతోందని వెళ్లిపోయింది. ఆమెకు ఏమీ తెలియలేదు. తెలిసినా ఎవరికి లాభం?

ఎవరైనా ఈమెకు ఆ ఒక్క సంగతి చెప్పండి అని పదిహేను రోజులు నాలో నేను అరిచాను. చెప్పిన రోజున, ఎందుకు చెప్పారు అని ఏడ్చాను.

కనకవ్వ మాత్రం ఏడవలేదు. చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. "ఎంత నూనె పోసిన" అని ఒక్కసారి పైకే అనుకుంది. తర్వాత నా మీద చెయ్యి వేసింది. కణుపు దాటనని మొరాయించినదాన్ని, చిటికెలో ఊడివచ్చాను. ఆ వేలు అంత సన్నబడిపోయింది. గూట్లో వెడల్పు మూతి గాజుసీసా ఉంది, ఓదెలు కాళ్లకు రాసే నువ్వుల నూనెది. మూత తీసి నన్ను అందులో వదిలి, మళ్లీ మూత బిగించి, గూట్లోనే పెట్టింది.

అమ్మలేదు, పారేయలేదు, పెట్టుకోలేదు. బడి గేటు ముందు బండి మళ్లీ నడుస్తోందని పొద్దున్నే గుడ్ల అట్టలు కదిలే చప్పుడును బట్టి తెలుస్తుంది. ఉల్లిగడ్డలు ఇప్పుడు ఇంట్లోనే ముందుగా కోసుకుని పోతుంది, అక్కడ కోసేవాళ్లు లేరు కాబట్టి. మొన్న పక్కింటామె వచ్చి తలకు ఇంత నూనె ఉంటే పెట్టమని అడిగింది. కనకవ్వ గూటివైపు చూడకుండానే "లేదు" అంది.

ఉంది. సీసాలో ఇంకా సగం ఉంది. అడుగున పడి ఉన్నాను, తాగుతూనే ఉన్నాను.